మా వంటిల్లు ఎల్లోస్టోన్ చూసొచ్చింది

అక్కచెల్లెళ్ళారా! ఈ దేశం ఆడవాళ్ళకి చేసిన అతి పెద్ద మేలు డిష్‌వాషర్ అనుకుంటున్నారా? కానే కాదు. మోటార్ హోమ్!

మామూలు వెకేషన్‌లో ఏముంది? మోటెల్‌లో దిగాలి, బయట తినాలి, వారంపాటు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఎంత అవమానం! నేనా బాధ పడకూడదని మా ఆయన దామోదర్ ఎనభై మూడు వేసవిలో బస్సంత బండి అద్దెకి తెచ్చారు. స్టవ్, సింకు, ఫ్రిజ్ అన్నీ అందులోనే.

"చూశావా ఉషా, ఇల్లు వదిలినట్టే ఉండదు!" అన్నారు. నిజంగానే ఉండలేదు.

మా ఊరు పార్సిప్పనీలో బయల్దేరాం. ఇరవై పౌండ్ల బియ్యం, రెండు సీసాల ఆవకాయ, ప్రెషర్ కుక్కర్, ఇద్దరు పిల్లలు, మా ఆయన ఫ్రెండ్ అచ్యుతరావు గారు. పాపం, ఆయనకి బయటి తిండి పడదు.

కొండ దారుల్లో వంట ఎంత గొప్ప కళ! దోసె వేస్తే ముందున్న మలుపులన్నీ పెనం మీద పడేవి. పిల్లలు దాన్ని చూసి వాళ్ళ నాన్నకి దారి చెప్పేవారు. "అబ్బ, ఏం లోయ!" అని ముందు సీట్లోంచి వినబడేది. నేను కారం డబ్బా పట్టుకుని ఆ లోయని చెవులతో చూశాను. ఈ అదృష్టం ఎందరికి దక్కుతుంది?

ఎల్లోస్టోన్ పార్కులో నేలంతా పొగలు, గంధకం వాసన. నేను చారుకి ఇంగువ పోపు పెట్టగానే పదిమంది కెమెరాలతో మా బండి చుట్టూ చేరి, ఈ వేడినీటి బుగ్గ మ్యాపులో లేదేమిటని అడిగారు. మా ఆయన గర్వంగా నన్ను చూపించారు.

అసలు బుగ్గ ఒకటుంది. నూరడుగుల పైకి నీళ్ళు చిమ్ముతుంది. అది చూడాలనే నేనింత దూరం వచ్చాను. ఎప్పుడు చిమ్ముతుందో బోర్డు మీద టైము కూడా రాస్తారు. మొదటిసారి చిమ్మినప్పుడు ఉప్మా కలుపుతున్నాను. రెండోసారి అచ్యుతరావు గారికి మారు వడ్డిస్తున్నాను. మూడోసారి గిన్నెలు.

కిటికీ లేదా అంటారా? ఉంది. దాని ఎదురుగా ఇంకో మోటార్ హోమ్. అందులో ఒక అమెరికనావిడ గిన్నెలు తోముతోంది. ఇద్దరం చేతులు ఊపుకున్నాం. నాకు ఏడుపొచ్చింది.

నాలుగోసారికి కుక్కర్ స్టవ్ మీద పెట్టేసి, వెళ్ళి ముందు వరసలో బెంచీ మీద కూర్చున్నాను. నేల గుడగుడమంది. నీళ్ళు అప్పుడే తల ఎత్తాయి. వెనకనుంచి మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చారు.

"ఉషా! కుక్కర్ కూస్తోంది! ఎన్ని విజిల్స్‌కి ఆపాలి?"

పన్నెండేళ్ళ కాపురంలో మొట్టమొదటిసారి అడిగారు. చెబుదామనే అనుకున్నాను. కానీ ఎదురుగా నీళ్ళు ఇంకా పైకి లేస్తున్నాయి.

"వెళ్ళి లెక్కపెడుతూ ఉండండి," అన్నాను, తల తిప్పకుండా.