గౌరవ్వ కోసం కట్టెలు

రాయికల్ పక్క పల్లెలో ఆ డిసెంబరు చలికి గౌరవ్వకు మిగిలిన నాలుగు పళ్లూ టకటకలాడుతున్నాయి. గ్యాస్ బండ వంటకే చాలదు. స్నానాల నీళ్లకూ, గౌరవ్వ కాచుకునే మంటకూ కట్టెలే దిక్కు. పెరట్లో ఉన్నవి వారం కూడా రావని కోడలు నీలకు బెంగ పట్టుకుంది. చలి చూస్తే ఇంకా రెండు నెలలుంది. అందుకే పొద్దున్నే ఆటో దేవేందర్‌ను కట్టెలకని కోరుట్ల సామిల్‌కు పంపి, మస్కట్‌కు కూలికి పోయిన మొగుడు మొగిలికి వాయిస్ మెసేజ్ పెట్టింది.

"అవ్వ పొద్దుగాల్లనే సల్లగైంది. కాళ్లు చేతులు కట్టె లెక్క బిర్రవెట్టినయ్. దేవేందరన్నను కట్టెలకు పంపిన. నువ్వు ఫికర్ జెయ్యకు, అంత నేను జూసుకుంట."

అంతటితో ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. ఇంట్లో కరెంటు లేదు.

మస్కట్‌లో మొగిలి ఆ మెసేజ్ విని, సిమెంటు బస్తా మీద కూలబడ్డాడు. నీలకు చేస్తే స్విచ్ఛాఫ్. సిరిసిల్లలో ఉన్న అక్క శాంతకు చేశాడు.

"అక్కా, అవ్వ పోయిందే! కట్టెలు గూడ తెప్పిస్తున్నరే!"

శాంత మొగుడు రాజన్న మగ్గం ఆపి బండి తీశాడు. దారి పొడవునా శాంత ఏడుపు ఆపలేదు.

వాళ్లు చేరేసరికి గౌరవ్వ వాకిట్లో ఎండకు మంచం వేయించుకుని, నిండా చెద్దరు కప్పుకుని నిద్రపోతున్నది. పక్కనే దేవేందర్ కట్టెలు దించుతున్నాడు. ఇక అనుమానమేముంది? శాంత తల్లి మీద పడింది.

"ఓ అవ్వా! మొగిలిగాడు ఆడ ఒక్కడే ఏడుస్తుండే!"

నిద్రమత్తులో ఉన్న గౌరవ్వకు కొడుకు పేరూ, ఏడుపూ మాత్రమే అందాయి. మస్కట్ నుంచి, దుబాయి నుంచి శవాలై పెట్టెల్లో వచ్చినవాళ్లను ఆ పల్లె చూసింది. తన కొడుకూ అలాగే వస్తున్నాడనుకుంది.

"అయ్యో కొడుకా!" అంటూ చెద్దరులోంచే అరిచింది.

శాంత మూడు గజాలు ఎగిరింది. రాజన్న కట్టెల మీదికెక్కాడు. నీళ్ల బిందెతో వచ్చిన నీల, "ఎవలకేమైంది?" అంటే "అవ్వ" అని కూతురూ, "మొగిలి" అని తల్లీ చెప్పారు. బిందె కింద పడింది. నీల కూడా ఏడుపందుకుంది.

అప్పుడు దేవేందర్ ఫోన్ మోగింది. అటువైపు మొగిలి.

"అన్నా, అవ్వను ఒక్కపారి వీడియోల సూపియ్యే."

దేవేందర్ ఫోన్ అటు తిప్పాడు.

"అవ్వా, బతికే ఉన్నవానే!"

"కొడుకా, నువ్వు గూడ బతికే ఉన్నవార!"

అందరూ ఒక్కసారిగా నవ్వారు. మొగిలి నవ్వు మాత్రం మధ్యలోనే ఆగింది.

"అవ్వా, నువ్వు పోయినవని మా ఫోర్మెన్‌కు జెప్పిన. మూడేండ్ల సంది పాస్‌పోర్ట్ ఇయ్యనోడు కండ్లు తుడుసుకుంట ఇచ్చిండు. నెల సెలవు, రేపే ఫ్లైట్. ఇప్పుడు నిజం జెప్పాల్నా?"

గౌరవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"వద్దుర అయ్యా. నేను పోయిన్ననే అనుకోనియ్యి. నువ్వయితె రా."

మొగిలి వచ్చాడు. ఎడారి ఎండలకు అలవాటుపడ్డ ఒళ్లు కదా, మంట దగ్గర నుంచి లేస్తే ఒట్టు. రెండు నెలలకని తెచ్చిన కట్టెలు ఇరవై రోజులకే అయిపోయాయి. నీల మళ్లీ తెప్పించింది.

ఫోర్మెన్ పంపిన సంతాపాన్ని మొగిలి తెలుగు చేసి చెబితే గౌరవ్వ చివరిదాకా విని, మనిషి మంచోడని తేల్చింది.