ఊదా గీత

"నల్ల కిటికీ యుగం ముగిసింది. ఇకపై ఈ ప్రభుత్వంలో ఎవరూ చీకట్లో పనిచేయరు!"

మా డిజిటల్ శాఖ మంత్రి ప్రెబెన్ స్కౌగోర్ ఇలా ప్రకటించగానే, ఓర్హుస్‌లోని దీవులకు పడవలు నడిపే మా ప్రభుత్వ ఆఫీసులో అందరం లేచి చప్పట్లు కొట్టాం. నల్ల కిటికీ అంటే మేం కమాండ్లు టైపు చేసే నల్లటి తెర. ఇకపై దాన్ని తెరిచినవాడి ఉద్యోగం ఊడుతుంది. మౌస్ పట్టుకోవడం వచ్చిన ప్రతి పౌరుడికీ పాలన అర్థం కావాలని ఆయన తపన. మహానుభావుడు.

దాని బదులు కొత్త ప్రోగ్రాం వచ్చింది. అందులో మా కోడ్ చరిత్రంతా బొమ్మలా కనిపిస్తుంది. ఒక్కొక్కరి పనీ ఒక్కో రంగు గీత. పని పూర్తయ్యాక అది వెళ్ళి అసలు గీతలో కలుస్తుంది. రంగులు ప్రోగ్రామే తోచినట్టు వేసుకుంటుంది. నిజం చెప్పొద్దూ, ముచ్చటగానే ఉంది.

ఆ గీతల్లో ఒకటి నా పక్క సీటు టోవెది. పడవలకు శీతాకాలపు వేళలు ఎక్కించే పని ఆమెది. మంత్రి మా ఆఫీసుకి వచ్చిన రోజు సాయంత్రం నుంచే కొత్త వేళలు. ఆమె గీత అసలు గీతలో కలవకపోతే సిబ్బందికి డ్యూటీలు పడవు, పడవ కదలదు. లిల్లెహోల్మ్ దీవిలో ఉండే ఆమె అన్న ఆ సాయంత్రం పడవలోనే డయాలసిస్‌కి రావాలి.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పని చెడగొట్టినవాడు మర్నాడు కేకు తెస్తాడు. ఎవరూ తిట్టరు, ఎవరూ ఏమీ అడగరు.

ఆ ఉదయం మంత్రి విలేకరులను వెంటబెట్టుకుని వచ్చి, గోడంత తెర ముందు నిలబడ్డారు.

"ఈ పసుపు గీత ఏంటి?"

"తెర మీది బొత్తాల అంచులు గుండ్రంగా చేశాం, ప్రెబెన్," అన్నాను. మా దగ్గర మంత్రినైనా పేరు పెట్టే పిలుస్తాం.

"ఆహా! మా పార్టీ రంగు!" అంతలోనే ఆయన ముఖం మాడిపోయింది. "మరి ఆ ఊదా రంగేంటి? అంత పొడుగ్గా?"

ఊదా ప్రతిపక్షం రంగు.

"అది నా పని. ఇప్పుడే అసలు గీతలో కలపబోతున్నాం," అంది టోవె.

"ఎన్నికల ముందా? కెమెరాల ముందా?"

"రంగుకీ పనికీ సంబంధం లేదండీ. అది ప్రోగ్రాం ఇష్టం."

"ప్రభుత్వంలో ప్రోగ్రాం ఇష్టమేంటమ్మా!" అంటూ ఆయన మౌస్ అందుకున్నారు.

"తొలగించు" అన్న మాట నొక్కారు. "నిజంగానా?" అని అడిగింది ప్రోగ్రాం. మంత్రిని అలా నిలదీయడానికి దానికెంత ధైర్యమో! ఆయన తొణక్కుండా "నిజంగానే" నొక్కారు. కెమెరాలు మెరిశాయి. పసుపు గీత నిటారుగా మిగిలింది. ఆయన అటునుంచటే లిల్లెహోల్మ్‌లో కూర్చుంటే ఫోన్ ఛార్జయ్యే డిజిటల్ బెంచీ ప్రారంభించడానికి పడవెక్కారు.

పోయిన వేళల్ని మళ్ళీ ఎక్కిస్తూ కూర్చున్న టోవెకి సాయంత్రానికి సగం కూడా కాలేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తిరిగి తెచ్చే బొత్తం ఉండాలే?" అన్నాను.

"ఉండేది. బొమ్మ గజిబిజిగా ఉందని మంత్రి పేషీ తీయించేసింది. నల్ల కిటికీలో ఒక్క లైను కొడితే వచ్చేస్తుంది." ఆమె ముక్కు తుడుచుకుంది. "ఉద్యోగం పోతే పోయింది. మా అన్నకన్నా ఎక్కువా?"

ఆమె లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంటుండగా నా ఫోన్ మోగింది.

"పడవ రాలేదేంటయ్యా?" మంత్రి గొంతు గాలికి వణుకుతోంది. "ఒకటే వాన! బెంచీకి పైకప్పు కూడా లేదు!"

"మీ పడవ ఆ ఊదా గీతలో ఉంది, ప్రెబెన్."



"తిరిగి తేలేరా?"

"నల్ల కిటికీ తెరవాలి. మీరు నిషేధించారు."

"తెరవండి. కానీ లైట్లన్నీ వేసి తెరవండి. చీకట్లో పని జరగదని జనానికి మాటిచ్చాను."

నేను లైట్లన్నీ వేశాను. టోవె ఒక్క లైను కొట్టింది. పడవ కదిలింది. మంత్రి తడిసి ముద్దై, ఆమె అన్న పక్కనే కూర్చుని వచ్చారట.

మర్నాడు పేపర్లన్నిట్లో ఒకటే వార్త: "మంత్రి క్లిక్కుతో కదిలిన పడవ". పదకొండింటికి పేషీ నుంచి పేద్ద కేకు వచ్చింది. మీద పసుపు క్రీముతో, "ఘన విజయానికి అభినందనలు. మీ ప్రెబెన్."

అందరం కేకు వైపు చూశాం. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఏమీ అడగలేదు.

టోవె మొదటి ముక్క కోసుకుంది.

"పర్లేదే," అంది, "పద్ధతి తెలిసిన మనిషే."