సమ్సోను సిమెంటు

సమ్సోను సిమెంటు కంపెనీ వారి నూతన సమావేశ మందిరంలో మధ్య స్తంభాలు రెండూ ప్రారంభోత్సవం నాడే పగిలిన సంగతి విజ్ఞులైన పాఠకులకు తెలిసిందే. ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. అందుకు కారకురాలైన ఉద్యోగినిపై కంపెనీ తగిన చర్య తీసుకుంది.

ఆ ఊళ్లో బలానికి మరో పేరు లేదు. సమ్సోను తాళం, సమ్సోను పెట్టె, సమ్సోను టానిక్కు. నున్నటి బట్టతల పెద్దమనిషి ఒకాయన సమ్సోను కేశతైలం అమ్మేవాడు. కంపెనీ గేటుకు ఎదురుగానే సమ్సోను సెలూన్. బైబిల్లో ఆ సమ్సోను బలమంతా కత్తిరించని జుట్టులోనే ఉండేది. అక్కడ రోజుకు నలభై మంది జుట్టు కత్తిరించుకుని వెళ్లేవారు, ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇక సిమెంటు బస్తా మీద బొమ్మలో పొడుగు జుట్టు వీరుడు రెండు స్తంభాలను రెండు చేతులతో తోస్తుంటాడు. తోశాక ఏమైందో వేయడానికి బస్తా మీద చోటు చాలలేదు.

కంపెనీ పరీక్షశాలలో పనిచేసే ఆవిడను అందరూ దిమ్మెల మేడం అనేవారు. కాంక్రీటు పోసిన రోజే అందులోంచి కాస్త తీసి దిమ్మెలు పోసి, ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో ఉంచి, యంత్రం కింద నలగగొట్టడం ఆవిడ పని. ముల్లు ఎక్కడ ఆగితే ఆ అంకే రాసేది. కంపెనీలో దీన్ని మొండితనం అనేవారు.

మందిరం స్తంభాల దిమ్మెలు ఉండాల్సిన బలంలో సగానికే పిండి అయ్యాయి. మరో మూడు పెట్టి చూసింది. అవీ అంతే. ఆవిడకు భయం వేసింది. ప్రారంభోత్సవానికి వచ్చే మూడొందల మందిలో, బస్తాలు కుట్టే విభాగంలో పనిచేసే తన చెల్లెలు కూడా ఉంది.

మేనేజరు కాగితం చూసి నొచ్చుకున్నాడు. "సమ్సోను అని పేరు పెట్టుకుని, బలం లేదని మనమే రాసుకుంటామా అమ్మా?"

"ఆ కథ చివరిదాకా విన్నారా సార్? ఆయన తోస్తే కప్పు కూలింది. కిందున్నవాళ్లూ పోయారు, ఆయనా పోయాడు."

"మనం బలం వరకే తీసుకున్నాం," అన్నాడు మేనేజరు.

ఆవిడ సంతకం పెట్టలేదు. కప్పు కింద ఇనుప ఊతాలైనా ఉంచాలని, లేకపోతే తనే గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లను వెనక్కి పంపుతానని పట్టుబట్టింది. ఫొటోలు పాడవుతాయని మేనేజరు గిలగిల్లాడాడు. చివరికి ఊతాలు కనబడకుండా యజమాని నిలువెత్తు చిత్రపటాలు రెండు అడ్డం పెట్టారు.

ఆ ఉదయమే కప్పు మీది ట్యాంకు నింపారు. యజమాని బలం గురించి గంటన్నర మాట్లాడాడు. ఆపైన ఫొటోగ్రాఫరు కోరిక మీద కోటు విప్పి, స్తంభాల మధ్య నిలబడి, రెంటికీ చేతులు ఆనించి, అచ్చం బస్తా మీద బొమ్మలా ఊపిరి బిగబట్టాడు. స్తంభాలు రెండూ పైనుంచి కిందిదాకా బీటలిచ్చాయి. కప్పు అంగుళం దిగి ఊతాల మీద కూర్చుంది. జనం ముందు చప్పట్లు కొట్టి, తర్వాత పరుగెత్తారు.

ముగ్గురు పెద్దమనుషుల విచారణ సంఘం నెల రోజులు శ్రమించి నివేదిక ఇచ్చింది. "స్తంభాల బలహీనత రహస్యంగా ఉన్నంతకాలం అవి నిలబడే ఉన్నవి. సదరు ఉద్యోగిని పట్టువిడవక ఆ రహస్యాన్ని బయటికి లాగిన మీదటనే పగిలినవి. పూర్వం ఒక స్త్రీ ఇటువంటి పనే చేసి ఉన్నది." కప్పును ఆపినవి యజమానిగారి చిత్రపటాలని కూడా అందులో నమోదైంది.

దిమ్మెల మేడం యంత్రాన్ని శుభ్రంగా తుడిచి, తొలగింపు ఉత్తర్వు తీసుకుని బయటికొచ్చింది. కడుపు మండిపోతోంది. చెల్లెలు క్షేమంగా ఉందన్న సంతోషం కూడా ఆ మంటను చల్లార్చలేకపోయింది. సెలూన్ ఆయన గుమ్మంలోకి వచ్చాడు.

"లోపల అందరూ నిన్ను దెలీలా అంటున్నారు. ఎవరమ్మా ఆవిడ?"

"సమ్సోను రహస్యం బయటికి లాగి, ఆయన జుట్టు తీయించిన ఆవిడ. అసలు మీ షాపుకి పెట్టాల్సిన పేరు అన్నా," అని ఆవిడ వెళ్లిపోయింది.

యజమాని వట్టి చేతులతో స్తంభాలు పగలగొట్టిన ఫొటో ఇప్పుడు ప్రతి బస్తా మీదా ఉంది. గిరాకీ రెట్టింపైంది. పరీక్షశాలలో ఉద్యోగం ఇంకా ఖాళీయే. మీ ఇంటి స్లాబు కోసం మీరు అడిగిన నలభై బస్తాలు సిద్ధంగా ఉన్నాయని, ఊతాలు మాత్రం మీరే చూసుకోవాలని చెప్పమన్నారు.