తేనెటీగ వేషం, నాలుగు సెకన్ల చావు

సూర్యభగవానుడు లాస్ ఏంజెలెస్ వెనకనున్న శాన్ ఫెర్నాండో లోయను తన సొంత వంటిల్లనుకుని అష్టోత్తరశత డిగ్రీల మంట పెట్టి కూర్చున్న ఆగస్టు మాసంలో, తారు రోడ్లు చెప్పుల కాళ్ళు పట్టుకుని వదలనంటున్న ఒకానొక మంగళవారం నాడు, ఉదయం పది గంటల నలభై నిమిషాల శుభవేళ, కిటికీ అన్నది ఎరగని పదకొండో నంబరు షూటింగ్ షెడ్డులో మాత్రం అక్టోబరు ముప్పై ఒకటి అర్ధరాత్రి అయి కూర్చుంది. చంద్రుణ్ణి ఇద్దరు ఎలక్ట్రీషియన్లు తాడు కట్టి పైకి లాగి, కాస్త ఎడమకి జరిపి, భోజనాల వేళ దాకా కదలొద్దని చెప్పి వచ్చారు.

ఆ కృత్రిమ నిశీథంలో, పొగయంత్ర సముద్భూత ధూమపటల పరివేష్టితమై, ఇరవైమూడు గుమ్మడికాయల వికటాట్టహాస భీకరమై, దూదితో నేసిన సాలెగూళ్ళతో అలరారుతున్న ఆ రణరంగాన, ‘పియర్ సెవెంటీన్’ అనే తుపాకుల సీరియల్ ఆరో సీజన్ హాలోవీన్ దయ్యాల పండగ ఎపిసోడ్ నిమిత్తం, ఎనిమిదిమంది వేషధారులు హతులై పడి ఉన్నారు. వారిలో ఎడమ నుంచి మూడో శవం, పసుపూ నలుపూ చారల చొక్కా, తీగతో చేసిన రెక్కలు, నెత్తిన రెండు స్ప్రింగు కొమ్ములు ధరించి తేనెటీగ రూపాన అసువులు బాసిన ఆ వనితాశిరోమణి, మన కథానాయిక. పాకోయిమా పేట వాస్తవ్యురాలు, ఇరవైయారేళ్ళ వయస్కురాలు, ఇదే సీరియల్లో ఇదివరకు నాలుగుసార్లు చచ్చిన అనుభవశాలిని, యెసేనియా బార్రగాన్.

నాలుగుసార్లంటే మాటలా. మొదటిసారి సముద్రంలో బోర్లా తేలింది. రెండోసారి కంటైనర్ కింద నలిగింది, బయటికి ఒక బూటు కనిపించింది. మూడోసారి పొగలో పోయింది, పొగే కనిపించింది. నాలుగోసారి శవాలు మోసే సంచిలో పోయింది. ఆ నాలుగో చావును తల్లి గ్రసియేలా తన జుట్టు సెలూన్లో, గోడకున్న టీవీలో, అందరి సమక్షంలో వీక్షించింది.

“ఏదీ? ఎక్కడ నువ్వు?”

“అదిగో మామీ, ఆ సంచిలో.”

“జిప్పు వేసుంది కదే.”

“లోపల నేనే ఉన్నా.”

“మిహా, నా తల్లీ, పిండి బస్తా చూపించి అందులో నా కూతురుందంటే నేను నమ్మాలా? నిజం చెప్పు, వాళ్ళకి కాఫీలు మోస్తున్నావా? మోస్తే తప్పులేదు. అబద్ధం చెప్పకు.”

జుట్టుకి రంగు పెట్టించుకుంటున్న డోన్యా చెలో అనే ముసలావిడ మధ్యవర్తిత్వానికి పూనుకుంది. “పోనీలే గ్రసియేలా. బస్తా మాత్రం బాగా పడుకుంది.”

అందరూ నవ్వారు, యెసేనియా కూడా నవ్వింది. కానీ ఆ రోజు తరవాత తల్లి “రండి, మా అమ్మాయి వస్తోంది” అని ఎవరినీ టీవీ ముందుకి పిలవలేదు. సముద్రం కన్నా, కంటైనర్ కన్నా, ఆ పిలవకపోవడమే బరువుగా ఉంది.

అట్టి నేపథ్యాన, ఇవాళ పొద్దున సహాయ దర్శకుడు కోవల్స్కీ కాగితాల అట్ట చంకలో పెట్టుకుని శవాల వరసలో నడుస్తూ, తేనెటీగ దగ్గర ఆగి, “నువ్వు వెల్లకిలా పడుకో. కెమెరా పైనుంచి దిగి నీ మొహం మీద నాలుగు సెకన్లు ఆగుతుంది” అని వరమిచ్చాడు. నాలుగు సెకన్లు! రాజ్యాలు ఇంతకన్నా తక్కువసేపు నిలిచాయి. యెసేనియా వెంటనే తల్లికి ‘ఈసారి మొహం’ అని మెసేజ్ పెట్టింది. తల్లి బొటనవేలి బొమ్మ ఒకటి పంపింది. ఒకటే.

మొదటి టేకు. కథానాయకుడు కెప్టెన్ రూడ్ తుపాకి ధరించి, పొగను చీల్చుకుని, శవాలను దాటుకుంటూ వచ్చి, తేనెటీగ రెక్క మీద కాలేశాడు.

“సారీ,” అంది తేనెటీగ.

“పర్లేదు,” అన్నాడు కెప్టెన్ రూడ్.

చెవులకి డిప్పలు పెట్టుకున్న సౌండు మనిషి నిదానంగా అన్నాడు. “శవం మాట్లాడింది. చాలా మర్యాదగా.”

రెండో టేకు. ఇక్కడ శత్రువు ప్రవేశించాడు.

ఆగస్టులో హాలోవీన్ తీసేవాళ్ళకి గుమ్మడికాయలు ఎక్కడ దొరుకుతాయి? దర్శకురాలు వెల్చ్‌కి రబ్బరువి నచ్చవు. అందుకని వస్తువుల శాఖవాళ్ళు ఎక్కణ్ణుంచో నిజం కాయలు తెప్పించి, కళ్ళూ పళ్ళూ కోసి, లోపల దీపాలు పెట్టారు. మూడు రోజులు దీపాల వేడికి ఉడికిన ఆ కాయలు పైకి నవ్వుతూ లోపల కుళ్ళుతున్నాయి. ఆ పరిమళానికి ఆకర్షితమై తరలివచ్చిన మక్షికసైన్యంలో ఒక వీరుడికి శవాల మీది నెత్తురు మొక్కజొన్న పాకమని తెలిసిపోయింది. నాలుగు సెకన్లలో మూడు గడిచాయి. మూడో సెకను చివర అతడు యెసేనియా రెప్ప మీద వాలాడు. రెప్ప అదిరింది.

“కట్.”

కోవల్స్కీ వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “చూడమ్మా, నువ్వు చాలా మంచి పిల్లవి. బతికున్నావు, అదొక్కటే ఇబ్బంది. ఇంకొక్కటి తీస్తాం. అదీ కుదరకపోతే బ్రెండాని పడుకోబెడతా.”

బ్రెండా! ఆ నామం వినగానే ఏ ఎక్‌స్ట్రా గుండె ఝల్లుమనదు? సిలికాన్ దేహసంపన్న, నిశ్శ్వాస, నిర్నిమేష, నిష్కండూతి, ఆకలి దప్పికలు లేనిది, ఎప్పుడూ సారీ చెప్పనిది, ఏ సీజన్లో ఎవరు ఎలా చచ్చినా చివరికి ఆ చోట తానే పడుకునేది, ఆ బొమ్మ ఇప్పటికే మూల కుర్చీలో తేనెటీగ కొమ్ములు పెట్టుకుని కూర్చుంది. ఎవరో తొందరపడి ముందే పెట్టేశారు.

పక్క శవం పెదవి కదల్చకుండా మాట్లాడింది. సముద్రపు దొంగ వేషంలో ఉన్న లైల్, ముప్పైయొక్క ఏళ్ళుగా టీవీలో చస్తున్న పెద్దమనిషి.

“పాపా, దురద పుడితే ఏం చేస్తావు?”

“గోక్కుంటా.”

“అది బతికినవాళ్ళ అలవాటు. ఊపిరంతా వదిలేసి, అప్పుడు చావు. నిండా పీల్చుకుని చచ్చినవాళ్ళు మధ్యలో ఉబ్బుతారు, బాగుండదు.”

“ఈగ వస్తేనో?”

“నన్నొకసారి పావురం పొడిచింది. మూడు పొడుపులు. కదల్లేదు.”

“నిజంగా? ఏ ఎపిసోడ్?”

“ఆ సీను కోసేశారులే,” అని లైల్ మళ్ళీ చచ్చాడు.

“బ్యాక్‌గ్రౌండ్!” అని కోవల్స్కీ కేక. ఆ ఒక్క కేకకి షెడ్డులో ఉన్న ఎక్‌స్ట్రాలందరూ పనిలో పడాలి. బతికున్న మంత్రగత్తెలు, అస్థిపంజరాలు, డాక్టర్లు పరుగులు పెట్టారు. చచ్చినవాళ్ళు చావడం మొదలుపెట్టారు. యెసేనియా ఊపిరి వదిలి, కళ్ళు మూసి, సమరానికి సన్నద్ధురాలైంది.

కెప్టెన్ బూట్ల చప్పుడు. పొగ. పైనుంచి కెమెరా దిగుతున్న సన్నని గుయ్‌మనే శబ్దం. ఆగింది.

అప్పుడు దిగాడు షట్పాదుడు. గడ్డం మీద పాదం మోపి, పెదవి మూలనున్న పాకంలో తొండం ముంచి ఆచమనం చేసి, తన బంధువులెవరో పెద్ద సైజులో పడి ఉన్నారనుకున్నాడో ఏమో, పరామర్శకన్నట్టు మెల్లగా, ఒక్కొక్క కాలే వేస్తూ, ముక్కు శిఖరాన్ని అధిరోహించసాగాడు. ఆ ఆరు పాదాల తాకిడికి ఆమె శరీరసామ్రాజ్యం అల్లకల్లోలమైంది. ముక్కు తిరుగుబాటు జెండా ఎత్తింది. పైపెదవి శత్రువుతో లాలూచీ పడింది. కుడిచేయి సేనాని, “మహారాణీ, సెలవిప్పించండి, ఒక్క గోకుడు, చాలు” అని మోకరిల్లాడు. అంతట యెసేనియా, నోరు తెరిచే వీలు లేదు కనుక, అంతరంగ సభామధ్యమున నిలిచి ఇట్లు గర్జించింది:

“ఓరీ మక్షికాధమా! నేనెవరనుకుంటివి? సాగరగర్భమున బోర్లబడి మూడు గంటలు తేలినదానను! కంటైనరు కింద బూటు మాత్రమే మిగిలినదానను! నా నాసికను నీ నృత్యశాల చేసుకొమ్ము, నా పెదవిని నీ పానశాల చేసుకొమ్ము, రెప్ప వాల్చను, ఏలనన అది వాలియే ఉన్నది! ఓ దక్షిణహస్తమా, నేలనంటి ఉండుము! ఓ తుమ్మా, వచ్చిన దారినే మరలుము! నా తల్లి చూడవలెను!”

ఇదంతా లోపల. బయట మొక్కజొన్న పాకం ఆరుతోంది.

నాలుగు సెకన్లు గడిచాయి. “పార్టీ ముగిసింది” అని కెప్టెన్ రూడ్ ఒక ముక్క అంటే కట్. అతనలేదు. ఇవాళెందుకో ఆ మహానటుడికి మౌనం మీద మనసైంది. శవాలకేసి చూసి, దూరానికి చూసి, దవడ బిగించాడు. అయిదు. ఆరు. ఈగ ఎడమ ముక్కుపుటం అంచున నిలబడి లోపలికి తొంగిచూసింది. ఏడు. ముందరి కాళ్ళు రెండూ రుద్దుకుంది. యెసేనియాకి వదలడానికి ఊపిరి లేదు, పీల్చడానికి హక్కు లేదు. హైస్కూలు లెక్కలు, పాత పాస్‌వర్డులు, డెంటిస్టు గది సీలింగు, గుర్తొచ్చినవన్నీ వరసగా లోపల పరుచుకుంటూ పోయింది. ఎనిమిది. ఈగ ఒక అడుగు లోపలేసింది.

“పార్టీ,” అన్నాడు కెప్టెన్. మళ్ళీ ఆగాడు. “ముగిసింది.”

“కట్.”

తేనెటీగ లేచి కూర్చుని తుమ్మిన తుమ్ముకి దూది సాలెగూడొకటి ఊడి కెప్టెన్ భుజాన పడింది.

దర్శకురాలు వెల్చ్ తెర వెనకనుంచి వచ్చింది. “ఆ ఈగని ఎవరు ఏర్పాటు చేశారు?”

కాయలు కుళ్ళాయని పొద్దుటినుంచీ చివాట్లు తింటున్న వస్తువుల శాఖ పెద్ద గొంతు సవరించుకున్నాడు. “మా శాఖే, మేడమ్.”

“అద్భుతం. జాగ్రత్తకి ఇంకొకటి తీద్దామా?”

“దాన్ని ఒప్పించలేం మేడమ్,” అన్నాడు చచ్చిన లైల్. “యూనియన్ కార్డు లేదు దానికి.”

అలా ఆ టేకే ఖాయమైంది. నిష్కండూతి బ్రెండాను చంకల కింద చేతులేసి, కాళ్ళు ఈడుస్తూ, అలమరలోకి తీసుకుపోయారు.

అక్టోబరు ఆఖరి వారం, సాయంత్రం ఏడున్నరకి, సెలూన్లో ముగ్గురు ఆడవాళ్ళ నెత్తిన రేకు కాగితాలున్నాయి. యెసేనియా ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒక పాత పత్రిక తిరగేస్తూ కూర్చుంది, పత్రిక తలకిందులుగా ఉంది. టీవీలో పొగ వచ్చింది. బూట్లు వచ్చాయి. కెమెరా దిగింది. నాలుగు సెకన్లని ఎడిటింగ్ గదిలో రెండు చేశారు. ఆ రెండింటిలో గోడంత మొహం, దాని మీద నింపాదిగా నడుస్తున్న ఈగ.

గ్రసియేలా చేతిలో బ్రష్షు గాల్లో ఆగిపోయింది. రంగు చుక్క ఒకటి డోన్యా చెలో చెవి మీద పడింది.

“చూశావా మామీ?”

“చూశా.”

“ఎలా ఉంది?”

“నీరసంగా ఉన్నావు. చంపేముందు వాళ్ళు నీకేమైనా తిండి పెట్టారా?”

డోన్యా చెలో చెవి తుడుచుకుంటూ అంది. “ఈగ మాత్రం బాగా చేసింది.”

“ఈగ సంగతి నాకు తెలీదు చెలో,” అంది గ్రసియేలా, బ్రష్షు కింద పెట్టి. “దాని కింద ఉన్నది నా కూతురు.”

ముల్లోకవాసులారా, దిక్పాలకులారా, రేకు కాగితాల కిరీటధారిణులారా, ఆలకింపుడు! పాకోయిమా పురవాసిని, గ్రసియేలా గర్భసంజాత, యెసేనియా బార్రగాన్, కెమెరా నిలిచిన ఆ తొమ్మిది సెకన్లూ, ప్రసారమైన ఈ రెండు సెకన్లూ, ఒక యావత్ ఈగను ఒంటరిగా భరించి, ముక్కు గోక్కొనక నెగ్గినది. ఆమె కదలలేదు.