శిలువ తగిలేదాకా

ఆ ఉదయం టైలరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా ప్రార్థన పూసలు గుచ్చడం ముగించాలి, సాయంత్రం చర్చి హాల్లో అందరిచేతా కలిసి ప్రార్థన చేయించాలి. బుధవారం ప్రార్థనకు జనం పలచబడ్డారని సంఘ కార్యదర్శి ఆ గంటను వ్యాయామం క్లాసుకు ఇచ్చేస్తానంటున్నాడు. వారమంతా మిషను చప్పుడులో బతికే ఆమెకు మనసు కుదుటపడేది ఆ ఒక్క గంటే.

దండ అంటే గుండ్రంగా ముడేసిన పూసలు, ఆ ముడి నుంచి వేలాడుతూ ఒక పెద్ద పూస, దాని చివర శిలువ. శిలువ దగ్గర మొదలుపెట్టి, పూసకో మాట చొప్పున చుట్టూ తిరిగి, మళ్లీ శిలువ దగ్గరకొచ్చి ఆమెన్ అనాలి. వేళ్లే దారి చూపిస్తాయి.

"ఏవండీ, ఈ జాకెట్టు ఇచ్చేసి వస్తా. కాస్త ఈ దండలు నీటుగా సర్ది బుట్టలో పెట్టండి," అని భర్తకు చెప్పి వెళ్లింది. దుకాణంలో ఆయన పని, కుట్టిన బట్టలకు వేలాడే దారాలు కత్తిరించడం. ఆయన కత్తెరకు చిక్కకుండా ఇంతవరకు ఏదీ వేలాడలేదు.

సాయంత్రం కార్యదర్శి బుట్ట లాక్కుని తనే పంచాడు. "నడిపించేది నేను. శిలువ చేతికి తగిలేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు. తెరిచారంటే భక్తి లేనట్టే!" అన్నాడు. దండ వంక చూడకుండానే కళ్లు మూసుకుని, దొరికిన పూస పట్టుకుని, "ప్రభువా, మాకు ఓర్పు నేర్పు" అని మొదలుపెట్టాడు.

టైలరమ్మ తన దండ తడిమింది. శిలువ లేదు. పక్కవాళ్ల చేతుల్లోకి తొంగి చూసింది. ఎవరికీ లేదు.

"శిలువలేవండీ?" అంది భర్త చెవిలో.

"వేలాడుతుంటే కత్తిరించా. ఇంట్లో డబ్బాలో భద్రంగా ఉన్నాయిలే."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇప్పుడీ ప్రార్థన ఎక్కడ ఆగుతుంది?"

"ఆయన ఆపినప్పుడు."

ఆయన ఆపితేగా! తను నోరు విప్పిందా, "దండ గుచ్చడం రానివాళ్లకు హాలెందుకు?" అంటాడు. ఆమె పళ్లు నూరుకుంటూ అందరితో పాటు ఓర్పు అడిగింది. ఒక చుట్టు అయింది, ఇంకో చుట్టూ అయింది. తామే ఎక్కడో శిలువను దాటేశామనుకుని, ఎవరికి వారు సిగ్గుపడి, మళ్లీ తిరుగుతున్నారు.

ఇంతలో హాలు చూసుకుందామని వ్యాయామం క్లాసువాళ్లు చాపలతో దిగారు. కళ్లు మూసుకున్నవాళ్లను పలకరించడం బాగోదని, చాపలు పరుచుకుని వాళ్లూ కళ్లు మూశారు. తాళం వేయడానికొచ్చిన కాపలాదారు కూర్చున్నాడు. భార్యల్ని వెతుక్కుంటూ వచ్చిన భర్తలు కూర్చున్నారు. అడిగిన కొద్దీ ఉన్న ఓర్పు కాస్తా అడుగంటింది. "ప్రభువా, మాకు ఓర్పు నేర్పు!" అన్నది పోట్లాటలా వినిపిస్తోంది.

కార్యదర్శి గొంతు బొంగురుపోయింది. కళ్లు తెరిస్తే మాత్రం పరువు పోతుంది. ఆఖరికి ఆయన భార్య గుమ్మంలోకి వచ్చి, "ఇంటికొస్తారా, వండిందంతా కుక్కకు పెట్టమంటారా? ఆమెన్!" అని అరిచింది.

"ఆమెన్!" హాలు దద్దరిల్లింది.

కార్యదర్శి కళ్లు తెరిచాడు. తలుపు దాకా జనం. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇంత భక్తా! ఈ గంట ఎవరికీ ఇచ్చేది లేదు. ప్రతి బుధవారం, ఇవే పూసలతో, నేనే నడిపిస్తా!"

టైలరమ్మకు గంట దక్కింది. దాంతోపాటు ఆయనా దక్కాడు.

ఇప్పుడు బుధవారం ప్రార్థనకు అందరూ భోంచేసే వస్తున్నారు.