బాయిలర్‌కి కాపలా

అక్టోబరు పదిహేడు, గురువారం. ఆ ఉదయం మలాకీ హెఫర్నన్ రెండు ఉడికించిన గుడ్లు, వెన్న రాసిన సోడా రొట్టె, నిన్న మిగిలిన ఆపిల్ పై ముక్క తిన్నాడు. ఆ రోజు మొత్తంలో ప్రశాంతంగా జరిగిన పని అదొక్కటే కాబట్టి అతనికి ఇప్పటికీ బాగా గుర్తు.

పథకం సులువైనదే. సాయంత్రం ఆరింటికి ఇంట్లో పూజ. వాళ్ల ఊరు నాక్‌బెగ్‌లో ఏటా వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి ఫాదర్ ఎవరో ఒకరి ఇంటికి వచ్చి, వంటింటి బల్లనే బలిపీఠం చేసుకుని పూజ చేస్తారు. ఊరంతా వస్తుంది. వంతు తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది గనుక, వచ్చిన ఏడాది ఆ ఇంటికి పెళ్లి కళ వస్తుంది. గోడలకు రంగులు పడతాయి, గేటు కిర్రుమనడం మానేస్తుంది. పోయినసారి ఈ హడావుడంతా మలాకీ భార్య నోరీన్ చూసుకుంది. ఫిబ్రవరిలో ఆమె పోయింది.

నోరీన్ అక్క కన్సెప్టా మాట దాచుకునే మనిషి కాదు. "ఒంటిగాడివి, ఈ ఇల్లు నీ వల్ల కాదు మలాకీ. పట్నంలో నీకో ఫ్లాటు చూసి ఉంచాను. పూజ ఏ లోటూ లేకుండా జరిపించావా, ఆ మాట మళ్లీ ఎత్తను. వచ్చినవాళ్లు కోట్లు విప్పకుండా వణుకుతూ కూర్చున్నారా, క్రిస్మస్‌లోపు నీ సామాను నేనే సర్దుతా" అని వేసవిలోనే తేల్చి చెప్పింది. మలాకీ సరేనన్నాడు. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో అతను ఆ అక్కచెల్లెళ్ల మీద ఒక్క వాదన కూడా గెలవలేదు.

కానీ పట్నంలోని ఫ్లాటు కిటికీలోంచి నోరీన్ నాటిన గూస్‌బెర్రీ పొదలు కనిపించవు. అందుకని మూడు వారాలు కష్టపడ్డాడు. ఇల్లంతా రంగు వేశాడు. పెరట్లోని బాయిలర్ గది తలుపు గాలికి టపటపలాడుతుంటే దాని చుట్టూ రబ్బరు పట్టీ బిగించాడు. అటుపైన ఆ తలుపు బడి బీరువా తలుపులా మెత్తగా పడేది. రిటైరైన బడిపంతులు మలాకీకి అది చాలా తృప్తినిచ్చింది.

గుడ్లు తిని లేచాక, బాయిలర్ వేడినీళ్లతో గదిని వెచ్చబరిచే వంటింటి రేడియేటర్ మీద చెయ్యి వేశాడు. సమాధి రాయిలా చల్లగా ఉంది.

బాయిలర్ గదికి వెళ్లి తలుపు తీశాడు. ఎర్ర దీపం వెలుగుతోంది. బొత్తాం నొక్కాడు. బాయిలర్ గుర్రుమని లేచి హాయిగా నడిచింది. ఐదు నిమిషాలు ముచ్చటగా చూసి, తలుపు వేసి, ఇంట్లోకొచ్చి టీ పెట్టుకున్నాడు. టీ తాగడం పూర్తి కాకముందే ఆ గుర్రు ఆగిపోయింది. అలా మూడుసార్లు జరిగింది.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "దారిలోనే ఉన్నాను మాస్టారూ!" అన్నాడు. ఏ దారిలో అని అడగకపోవడం మలాకీ తప్పు.

ఫోన్ పెట్టేసరికి కన్సెప్టా వంటింట్లో ఉంది, చేతిలో కేకు, చంకలో బలిపీఠం మీద పరచడానికి ఉతికిన పీఠవస్త్రం. "బాలయేసుని నిన్న సాయంత్రమే బయట పెట్టేశాను" అంది. పూజకో పెళ్లికో ముందురోజు బాలయేసు బొమ్మను ఆరుబయట పెడితే వాన రాదని ఆ ఊరి నమ్మకం. "పడమటి కొండ వైపు చూసేలా, గాలికి పడకుండా, మంచి చోట పెట్టాను. అన్నీ అయ్యేదాకా ఆయన్ని ఎవరూ కదపకూడదు. ఇంతకీ ఇల్లేంటి ఇంత చల్లగా ఉంది?"

"ఇప్పుడే వేడెక్కుతోంది వదినా" అన్నాడు మలాకీ. ఆ రోజు అతను ఆడిన మొదటి అబద్ధం అదే.

కన్సెప్టా పీఠవస్త్రం తీగ మీద ఆరేసి కొవ్వొత్తుల కోసం వెళ్లగానే మలాకీ పక్కింటి ప్యాకీ టియర్నీని పిలిచాడు. ప్యాకీ ట్రాక్టర్లు బాగుచేస్తాడు. బాగుపడ్డ ట్రాక్టర్ని మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అయినా మనసు మంచిది.

"నీళ్లు మాస్టారూ! ట్యాంకులో నీళ్లు చేరాయి" అన్నాడు ప్యాకీ, బాయిలర్ వంక చూడకుండానే. ట్యాంకు అడుగునుంచి బకెట్‌లోకి కిరోసిన్ వంపి చూశాడు. చుక్క నీరు లేదు. ఫిల్టరు కడిగి బిగించి బొత్తాం నొక్కాడు. బాయిలర్ లేచింది. వెలుతురు కోసం తలుపు బార్లా తెరిచి ఇద్దరూ అరగంట నిలబడ్డారు. ఆగలేదు.

"చూశారా? నా చెయ్యి పడిందంటే అంతే!" అంటూ ప్యాకీ ఆ చేతినే తీగ మీద కనబడ్డ తెల్లగుడ్డకు శుభ్రంగా తుడుచుకున్నాడు.

అది పీఠవస్త్రం. దాని అంచున నోరీన్ అల్లిన లేసు ఉంది. ఆ లేసు మీద ఇప్పుడు ప్యాకీ ఐదు వేళ్లూ కిరోసిన్ వాసనతో స్పష్టంగా ఉన్నాయి. అప్పుడే కొవ్వొత్తులతో తిరిగొచ్చిన కన్సెప్టా ఆ వేళ్లను ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"ప్యాకీ," అంది చివరికి, "నువ్వు గుళ్లోకి రాక ఎన్నేళ్లయింది?"

"పదకొండు."

"ఇంకో పదకొండు ఆగలేకపోయావా?"

వస్త్రాన్ని మళ్లీ ఉతకడానికి తీసుకుని వెళుతూ, దారిలో బాయిలర్ గది తలుపు గట్టిగా నొక్కి మూసింది. "తలుపులు తెరిచి పెట్టి ఊరందరికీ వేడి పంచుతావా మలాకీ?" ఆమెకు తెరిచిన తలుపంటే పడదు.

పావుగంటలో బాయిలర్ ఆగిపోయింది.

అప్పుడు గస్ లాఫ్లిన్ వచ్చాడు. ముప్పై ఏళ్లు ఓడలో ఇంజనీరు. ప్యాకీ అంటే ప్రాణం, ప్యాకీ పనితనమంటే అసహ్యం. "నీళ్లేంట్రా, నీ మొహం! మంటను చూసే కన్ను ఒకటుంటుంది దీనికి. దానికి మసి పట్టింది" అని ఆ కన్ను ఊడబీకి జేబురుమాలుతో తుడిచి పెట్టాడు. బాయిలర్ నడిచింది. ముగ్గురూ తలుపు దగ్గర నిలబడి ఓ ఇరవై నిమిషాలు దాని గుణగణాలు మాట్లాడుకున్నారు. తర్వాత కన్సెప్టా టీకి పిలిచి, అందరూ లోపలికి రాగానే వెనకాలే వెళ్లి తలుపు మూసింది. రెండో కప్పు పోస్తుండగా గుర్రు ఆగింది.

గస్ కప్పు దించాడు. "నాకు అర్థమైపోయింది" అన్నాడు గంభీరంగా. "మనం చూస్తున్నంతసేపూ నడుస్తోంది. చూడ్డం మానగానే ఆగుతోంది. మా ఓడలో ఓ పంపు అచ్చం ఇలాగే ఉండేది. దానికి మనిషి కావాలి."

"యంత్రానికి మనిషెందుకు?" అన్నాడు మలాకీ.

"పెళ్లాలకి మొగుళ్లెందుకు? అడిగితే చెప్తారా? కావాలంతే."

కన్సెప్టా అక్కడే ఉంది కాబట్టి ఆ చర్చ ముందుకు సాగలేదు. కానీ ఉపాయం దొరికింది. బాయిలర్ గది గుమ్మంలో కుర్చీ వేసి, చేసిన పాపానికి శిక్షగా ప్యాకీని కాపలా పెట్టారు. ఉతికిన పీఠవస్త్రం ఆరడానికి బాయిలర్‌కు దగ్గరగా కట్టారు. ప్యాకీ దాని వైపు చేతులు చాచకుండా కూర్చోవాలన్నది రెండో షరతు. ప్యాకీ రెండు గంటలు బాయిలర్‌తో ఆవుల ధరల గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. బాయిలర్ ఒక్కసారి కూడా ఆగలేదు. రేడియేటర్లు గోరువెచ్చనయ్యాయి. మలాకీకి ఊపిరి వచ్చింది.

ఐదింటికి ఫాదర్ ఎండా వచ్చారు. ఊళ్లో సగంమంది అప్పటికే పెరట్లో చేరారు. పూజకు ముందు ఫాదర్ ఒక్కొక్కరి పాపసంకీర్తనం, అంటే చేసిన పాపాల ఒప్పుకోలు, వినడం ఆనవాయితీ. ఫాదర్ ఇంట్లో ముందుగది చూశారు, చేతులు రుద్దుకున్నారు, బయటికొచ్చి బాయిలర్ గదిలోకి తొంగిచూశారు. "మాస్టారూ, మీ ఇంట్లో నిజంగా వెచ్చగా ఉన్న చోటు ఇదొక్కటే. ఇక్కడే కూర్చుంటాను" అని ప్యాకీ కుర్చీ లోపలికి లాక్కున్నారు. పాపాలు నలుగురికీ వినపడకూడదు కాబట్టి తలుపు మూశారు.

"పోనీలే. లోపల మనిషున్నాడుగా, అదీ ఫాదరు" అని గస్ ధైర్యం చెప్పాడు.

ముసలమ్మలు ఒక్కొక్కరూ వెళ్లి రెండేసి నిమిషాల్లో బయటికొచ్చారు. తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం. బాయిలర్ నడుస్తూనే ఉంది. కన్సెప్టా వెళ్లింది, నిమిషంలో వచ్చింది. తర్వాత ఆమె ప్యాకీ భుజం పట్టుకుని గుమ్మంలోకి నెట్టింది. "వెళ్లు. ముందు ఆ వస్త్రం సంగతి చెప్పు."

తలుపు మూసుకుంది. ఐదు నిమిషాలు. పది. పెరట్లో మాటలు సన్నగిల్లాయి. పన్నెండో నిమిషంలో బాయిలర్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

పెరడంతా ఘొల్లుమని నవ్వింది.

"పదకొండేళ్ల సరుకు! పాపం, బాయిలర్ తట్టుకోలేకపోయింది!" అన్నాడు గస్ కళ్లు తుడుచుకుంటూ.

కన్సెప్టా నవ్వలేదు. ఆమె మలాకీ వైపు చూసింది. "అరగంటలో పూజ. ఇంట్లో అందరూ కోట్లతోనే ఉన్నారు మలాకీ" అంది నెమ్మదిగా. ఆ గొంతులో అతనికి ఫ్లాటు వినిపించింది.

కానీ మలాకీ ఆమె మాట సగమే విన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన బుర్ర అతనిది. రెండు నిమిషాల పాపాలకు ఆగలేదు. పన్నెండు నిమిషాల పాపాలకు ఆగింది. లోపల మాత్రం మనిషి ఉన్నాడు, ఒకడు కాదు, ఇద్దరు.

"మనిషి కాదు," అన్నాడు పైకే. "తలుపు!"

వెళ్లి తలుపు తెరిచాడు. ఫాదర్ ఎండా, మోకాళ్ల మీద ప్యాకీ, ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"క్షమించాలి ఫాదర్. ఇంకా ఎంత ఉంది?"

"ఇప్పుడే రెండువేల పదహారుకి వచ్చాం" అన్నారు ఫాదర్.

మిగతా ఏళ్లను ఫాదర్ మొత్తంగా క్షమించేశారు. మలాకీ బొత్తాం నొక్కి, తలుపు మూతపడకుండా ఆ కుర్చీనే అడ్డం పెట్టాడు. బాయిలర్ నడిచింది. ఎవరూ చూడకుండా నడిచింది. గస్ కొంచెం నొచ్చుకున్నాడు.

ఆరింటికి పూజ మొదలైంది. మొదటి పఠనానికి శాలువాలు జారాయి. ప్రసంగం మధ్యలో ఒక కోటు, దాన్ని చూసి ఇంకో కోటు, చివరికి కుర్చీల వీపులన్నీ కోట్లతో నిండాయి. పీఠవస్త్రం ఆరి తెల్లగా ఉంది. కిరోసిన్ వాసన కాస్త ఉన్నా కొవ్వొత్తులు దాన్ని తమ మీద వేసుకున్నాయి. మరణించినవారి పేర్లు చదువుతూ ఫాదర్ నోరీన్ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగారు. ఆ నిశ్శబ్దంలో పెరట్లోంచి బాయిలర్ గుర్రు వినిపిస్తూనే ఉంది. మలాకీకి అది చాలనిపించింది.

సాండ్‌విచ్‌లు, కేకు, నాలుగు కెటిళ్ల టీ అయ్యాక చివరివాళ్లు తొమ్మిదింటికి వెళ్లారు. నెత్తి మీది మోపు దించుకున్నంత సంతోషంతో ప్యాకీ వెళ్లాడు. కన్సెప్టా టార్చి తీసుకుంది. "పద, బాలయేసుని లోపలికి తెద్దాం." పెరట్లో నడుస్తూ, కుర్చీ పక్కకు జరిపి, అలవాటు కొద్దీ బాయిలర్ గది తలుపు మూసింది. పూజ అయిపోయిందిగా అని మలాకీ ఊరుకున్నాడు. ఆమె కబుర్లు చెబుతూ కోళ్లగూడు దాకా నడిచి, గూడు గడియ సరిచూసి, బాయిలర్ గది వెనకవైపుకు తిరిగింది. అప్పటికే బాయిలర్ దగ్గుతోంది.

వెనక గోడ కింద, జాలీ ఎప్పుడో ఊడిపోయిన గాలి కన్నం ఒకటుంది. బాయిలర్ మంటకు కావలసిన గాలి గదిలోకి వెళ్లే దారి అదే. ఆ కన్నంలో, గూట్లో దేవుడిలా, పడమటి కొండను చూస్తూ బాలయేసు నిలబడి ఉన్నాడు. గాలికి పడకుండా ఆయన చుట్టూ ఒక పాత తువ్వాలు గట్టిగా కుక్కి ఉంది.

కన్సెప్టా బొమ్మను తీసింది. తువ్వాలు లాగింది. కన్నం సర్రున గాలి పీల్చుకుంది, ఆమె తలగుడ్డ కొస కూడా అటే లేచింది. లోపల దగ్గు ఆగి, బాయిలర్ ఉదయం నుంచీ ఎప్పుడూ లేనంత హాయిగా గుర్రుపెట్టింది.

టార్చి వెలుగు బొమ్మ మీది నుంచి నెమ్మదిగా నేల మీదికి దిగింది.

"తలుపుకి రబ్బరు పట్టీ బిగించింది నేనే వదినా," అన్నాడు మలాకీ. "అది లేకపోతే సందుల్లోంచైనా గాలి వెళ్లేది."

ఆమె బాలయేసు భుజం మీది మట్టి దులిపింది. "ఒక్క చినుకు పడిందా?"

"లేదు."

"మరి!" అంది. నాలుగడుగులు వేసి ఆగింది. "ఆ ఫ్లాటు చూశానన్నానే, దానికి మెట్లు చాలా ఎక్కువట. నీ మోకాళ్లకి పనికిరాదు."

"అలాగా" అన్నాడు మలాకీ.

ఆమె కారు మలుపు తిరిగేదాకా చూసి, అతను ప్యాకీ కుర్చీని లోపలికి తెచ్చుకున్నాడు. తిరిగి వెళ్లి, బాయిలర్ గది తలుపు సరిగ్గా పడిందో లేదో అరచేత్తో నొక్కి చూశాడు. ఇంట్లోకొచ్చి, చెయ్యి ఒకసారి రేడియేటర్ మీద ఉంచి, వంటింటి తలుపు చప్పుడు కాకుండా మూశాడు.

మెకానిక్ శనివారం వచ్చి, బాయిలర్‌ను అరగంట పరీక్షించి, దానికి ఏ జబ్బూ లేదని చెప్పి వెళ్లాడు.