వాగులో మూడు తోకల పురుగు

"వాగే బడి, నీరే పుస్తకం" అని మంత్రిగారు ప్రకటించారు. ఇకమీదట హైస్కూలు పిల్లలు వాగులోని జీవాల గురించీ నీటి నాణ్యత గురించీ వాగు ఒడ్డునే నేర్చుకోవాలి. మంత్రిగారి దూరదృష్టి అక్కడితో ఆగలేదు. వాగు నీళ్లు మంచివని పిల్లలు తేల్చిన చోటల్లా ఆ నీళ్లనే కుళాయిల్లోకి వదులుతామనీ, తాగునీటి ట్యాంకర్లు ఆపేస్తామనీ చెప్పారు. అధికారులు అబద్ధం చెప్పినా చెప్పొచ్చు గానీ పిల్లలు చెప్పరన్నారు. వేదిక మీది అధికారులు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

మాది వాగు పక్క వీధి. ట్యాంకర్ వస్తేనే మా ఇళ్లల్లో పొయ్యి మీదికి గిన్నె ఎక్కేది. అందుకని మేం కొంచెం మెల్లగా కొట్టాం.

వాగు ఘనత కూడా చెప్పాలి. దానికి ఎగువన మంత్రిగారి బావమరిదికి బట్టలకు రంగులద్దే మిల్లు ఉంది. మిల్లుకు ఏ ఆర్డరు వస్తే వాగు ఆ రంగులో పారుతుంది. హైస్కూలు యూనిఫారం మారుతోందని హెడ్మాస్టరుకంటే ముందు మాకే తెలిసింది. ఆ వారం వాగు నీలంగా వచ్చింది. మా ఆవిడ బతికుండగా ఒకసారి అందులో తెల్ల దుప్పటి జాడిస్తే ఆకుపచ్చగా పైకొచ్చింది. పైసా తీసుకోకుండా పేదల దుప్పట్లకు రంగు వేసిన ప్రభుత్వం మరొకటి ఉంటే చెప్పండి.

ఆ హైస్కూల్లో సైన్సు టీచరు మా కోడలు. పాఠం ఆమె చెప్పాలి. పుస్తకంలో ఏముంటే అదే చెప్పడం ఆమెకున్న పెద్ద లోపం. వాగుల్లో రాళ్లకు అతుక్కుని మూడు తోకల పురుగు ఒకటుంటుందని పిల్లలకు చెప్పింది. గోరంత ఉంటుంది, మంచినీళ్లలోనే బతుకుతుంది, నీళ్లు చెడితే అన్నిటికంటే ముందు చచ్చేది అదే. వల వేసి చూడండి, దొరికితే నీళ్లు మంచివి, దొరక్కపోతే కావు. అంతే పాఠం. పిల్లలకు వెంటనే అర్థమైంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

పాఠం చూడటానికి మంత్రిగారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. ఆ వెనకే నీటి శాఖ ఇంజినీరుగారు మా ఇంటికొచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. అంత కర్తవ్యదీక్ష.

"అమ్మా, ఆ పురుగు ఎక్కడ దొరుకుతుంది?"

"మన వాగులో దొరకదు సార్" అంది కోడలు.

"దొరకదని నాకూ తెలుసమ్మా. ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నాను."

కొండ మీద ఊటల్లో చూడమంది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత తనే బాధపడింది. జీపు వెళ్లింది. పురుగులు మినరల్ వాటర్ సీసాల్లో దిగాయి. వాటికి ముందు సీటు ఇచ్చి, గుమాస్తా వెనక కూర్చున్నాడు. ఇంజినీరుగారు వాటిని తన చేత్తోనే వాగులో వదిలారు. చేయి తుడుచుకునేలోగా అవి వెల్లకిలా తేలాయి. ఆయన చేయి మాత్రం మణికట్టు దాకా ఎర్రబడింది. రెండో జీపు పురుగులూ అంతే. పురుగులు సహకరించడం లేదని ఇంజినీరుగారు పైకి ఫోన్ చేశారు. అవి ఎవరి మనుషులో కనుక్కోమని పైనుంచి ఆదేశం వచ్చిందట.

ఇంకొకరైతే చేతులెత్తేసేవారు. ఇంజినీరుగారు ఊరికే ఇంజినీరు కాలేదు. వాగు అంచున కొంత మేర ఇసుక బస్తాలతో గట్టు కట్టించారు. లోపల ప్లాస్టిక్ పట్టా పరిపించి, దాని మీద కడిగిన రాళ్లు పేర్పించారు. దూరం నుంచి చూస్తే అదీ వాగే. ఇక అందులో పోయడానికి మంచినీళ్లు కావాలి.

ఆ రోజు మా వీధికి ట్యాంకర్ రాలేదు.

మర్నాడూ రాలేదు. బకెట్లు వరస తప్పకుండా రోడ్డు మీదే ఉన్నాయి. నేను వాగు దగ్గరికి వెళ్లాను. మా ట్యాంకర్ గట్టుకు ఆనుకుని నిలబడి, మూడో జీపులో వచ్చిన పురుగుల మీద పడకుండా సన్నటి ధారగా నీళ్లు వదులుతోంది. ఇదేంటి బాబూ అని అడిగాను. ఇంజినీరుగారు విసుక్కోలేదు.

"పెద్దాయనా, వాగులో మంచినీళ్లున్నాయని తేలాలంటే ముందు అందులో మంచినీళ్లు ఉండాలా వద్దా?"

ఉండాలనే అన్నాను. ఇంకేమంటాను. ట్యాంకర్ అక్కర్లేదని రుజువు చేయడానికి ట్యాంకర్ కావలసి వచ్చింది. ఇంత లోతైన సంగతి నా చదువుకు అందదు.

ఇంట్లో కోడలు చద్దన్నం ముందు కూర్చుని చేయి కడుక్కోకుండా ఆలోచిస్తోంది. కడుక్కోవడానికి నీళ్లూ లేవనుకోండి. ఆమె ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పిల్లల్ని గట్టు దగ్గరే నిలబెట్టమనీ, అటూ ఇటూ కదలనివ్వద్దనీ హెడ్మాస్టరు చెప్పారట.

"మావయ్యా, పిల్లల ముందు నేను అబద్ధం ఎలా చెప్పను?"

"నువ్వెందుకు చెప్పడం? పురుగులున్నాయిగా" అన్నాను.

నవ్వలేదు.

మంత్రిగారు వచ్చారు. టెంటు, మైకు, కెమెరాలు, నీలం యూనిఫారంలో పిల్లలు. వాగు ఆ రోజు ఎర్రగా, కళగా ఉంది. గట్టులోపల మాత్రం అద్దంలా ఉంది. ఈ తేడా ఏమిటని ఎవరూ అడగలేదు. పిల్లలు వలలు ముంచారు. మూడు తోకల పురుగులు పుష్కలంగా దొరికాయి. మంత్రిగారు ఒకదాన్ని వేలి మీద పెట్టించుకుని ఫోటో దిగారు. ఈ పురుగు మా పాలన మీద ప్రకృతి పెట్టిన నమ్మకం అన్నారు. పురుగు ఒప్పుకుంటున్నట్టు మూడు తోకలూ ఆడించింది.

అప్పుడు కోడలు లేచింది.

"సార్, ఒక్కచోట చూసి నమ్మొద్దని పాఠంలో ఉంది. ఆ పక్కన కూడా ఒకసారి వల వేయించమంటారా?"

ఇంజినీరుగారికి దగ్గు పట్టుకుంది. హెడ్మాస్టరు కోడలి వైపు చూసిన చూపు నేనున్న చోటికి కూడా తగిలింది. కానీ కెమెరాలు తిరుగుతున్నాయి. మంత్రిగారు చిరునవ్వు తియ్యకుండానే, తప్పకుండా అన్నారు.

ముందు వరసలోని ఒక పిల్ల వల పట్టుకుని బస్తాలు దాటింది. ఎర్ర నీళ్లలో వల ముంచి, రాళ్లు కదిలించి, పైకి తీసి, తెల్ల పళ్లెంలో బోర్లించింది. చాలాసేపు చూసింది. పుల్లతో కెలికి మళ్లీ చూసింది. మా వీధి ఆడవాళ్లు ఖాళీ బకెట్లతో, జనానికి అడ్డంగా కట్టిన తాడు దాకా వచ్చేశారు. మా ట్యాంకర్ ఆ పళ్లెంలో ఉంది.

"సార్, ఇందులో ఒక్క పురుగు కూడా లేదు" అంది ఆ పిల్ల.

కోడలి ముఖంలోకి చాలా రోజుల తర్వాత రంగు వచ్చింది. ఇంజినీరుగారి ముఖంలోంచి పోయింది. మంత్రిగారు పళ్లెం మీదికి వంగారు. నిదానంగా లేచారు. మైకు అందుకున్నారు.

"విన్నారుగా. ఒక్క పురుగు కూడా లేదు. పురుగులున్న నీళ్లే ఇంత మంచివని ఇందాక తేలింది. మరి పురుగే లేని నీళ్లు ఎంత మంచివో మీరే ఆలోచించండి."

అధికారులు ఆలోచించారు. ముందు వాళ్లే చప్పట్లు కొట్టారు. ఆ పిల్లకు అక్కడికక్కడే బాలశాస్త్రవేత్త బిరుదు ఇచ్చారు. ఆ పిల్ల పళ్లెం పట్టుకుని, టీచర్ ఏమంటుందోనని చూస్తూ నిలబడింది. కోడలు ఏదో అనబోయింది. మైకు అప్పటికే హెడ్మాస్టరు చేతిలోకి వెళ్లింది. ఆయన మంత్రిగారికి ధన్యవాదాలు చెబుతున్నారు. మా వీధి ట్యాంకర్ ఆ సభలోనే రద్దయింది. కుళాయిలు సోమవారం నుంచి.

సాయంత్రం ఇంజినీరుగారు మనుషులతో వచ్చి బస్తాలు తీయించారు. ఉన్న నీళ్లైనా పట్టుకుందామని మేం బకెట్లతో పరిగెత్తాం. గట్టు అప్పటికే తెగింది. అద్దంలాంటి నీళ్లు వాగులోకి జారి ఎర్రబడిపోయాయి. ప్లాస్టిక్ పట్టాను మాత్రం జాగ్రత్తగా మడత పెట్టించారు. ఇంకో ఊళ్లో అవసరం ఉందట.

"మరి ఆ పురుగుల సంగతేంటి, సార్?" అని అడిగింది కోడలు.

ఇంజినీరుగారు జీపు ఎక్కుతూ ఆగారు. పాపం, ఆయన చెడ్డవారు కారు.

"వాటికేం తక్కువమ్మా? ఎదురుగానే వాగుంది."